నడుం దారి

మే 6

అక్కా,

ఎట్టకేలకు పని సాధించాను. మీ కొండ మీద నడక దారి వెయ్యడానికి మేనేజరు ఒప్పుకున్నాడు. ఇంతవరకూ మా కంపెనీ అవతలి లోయలోనే జనాన్ని తిప్పేది. ఇప్పుడక్కడ చెట్లకంటే మనుషులే ఎక్కువ కనిపిస్తున్నారు. అందుకని కొత్త చోటు కావలసి వచ్చింది.

నా బల్ల కిటికీ పక్కన ఉంటుంది. గోడ నిండా మ్యాపులు. వాటికి గుండుసూదులు గుచ్చి, ఎర్ర దారం లాగి, ఏ దారి ఎటు పోతే బాగుంటుందో చూసుకుంటూ ఉంటాను. మీ కొండకు రెండు దారాలు కట్టాను. ఒకటి పైన, కొండ వెన్ను మీదుగా. రెండోది మనం చిన్నప్పుడు కట్టెలకు వెళ్ళిన నడుం దారి. అడవిలోంచి, వాలుకు అడ్డంగా, మీ ఇంటి వెనకనుంచి పోయేది. వెన్ను మీద నీడ లేదు, నీళ్ళు లేవు, గాలికి మనిషి నిలబడలేడు. నాకు మటుకు నడుం దారే నచ్చింది.

ఈ కాలితో నేనొచ్చి చూడలేను. నా బదులు నీ కూతురు పిట్ట నడిచి గుర్తులు పెట్టాలి. పసుపు రంగు, అరచెయ్యంత గుర్తు, చెట్టు మీద కంటి ఎత్తున. నియమం ఒక్కటే. ఒక గుర్తు దగ్గర నిలబడితే తర్వాతి గుర్తు కనపడాలి. కనపడకపోతే నడిచేవాడు దిక్కులు చూస్తాడు. దిక్కులు చూసినవాడు తప్పిపోతాడు.

ఇంకో మాట. నువ్వు దారి సంగతీ, బావ దగ్గూ, మేకల గొడవా కలిపి ఒకే కాగితం మీద రాస్తావు. ఇకనుంచి దారి సంగతి విడిగా రాయి. అది ఆఫీసు ఫైల్లో పెడతాను. ఇంటి సంగతులు ఇంకో కాగితం మీద రాస్తే ఇంటికి పట్టుకెళ్తాను, నీ మరదలు చదువుకుంటుంది. కిందటిసారి నీ ఉత్తరం ఉన్నదున్నట్టు ఫైల్లో పెడితే, మేనేజరు బావ మొలల సంగతి చదివి, నన్ను గదిలోకి పిలిచి మందు చెప్పాడు.

రంగు డబ్బా బస్సులో పంపిస్తున్నాను.

తమ్ముడు


మే 19

(దారి కాగితం)

మేనేజరు గారు చదువుతారని శుభ్రంగా రాస్తున్నాను. పిట్ట నడుం దారి ఈ చివరినుంచి ఆ చివరిదాకా రెండుసార్లు నడిచింది. బండలు దొర్లిన చోటు ఒక్కటే ఉంది, చుట్టూ తిరిగి పోవచ్చు. నీళ్ళకు మా ఇంటి వెనక ఊట ఉంది. నడిచేవాళ్ళు ఆగడానికి మా దగ్గర రెండు గదులున్నాయి. దుప్పట్లు కొత్తవి.

(ఇంటి కాగితం)

తమ్ముడూ,

దుప్పట్లు కొత్తవి కావు, ఉతికినవి. ఆ మాట నీ మేనేజరుకు చెప్పకు.

ఈ దారి వస్తే పిట్ట ఇక్కడే ఉంటుందిరా. లేకపోతే కింద కట్టెల డిపోలో లెక్కలు రాసే పనికి పోతానని కూర్చుంది. పాతికేళ్ళ పిల్లను ఏమని పట్టి ఉంచగలను? రంగు డబ్బా వచ్చిన రోజునుంచీ దాని ముఖం వెలిగిపోతోంది. నిద్రలో కూడా గుర్తులు పెడుతున్నట్టుంది, పొద్దున చూస్తే గోడకు పసుపు వేలిముద్రలు.

వంటింటి తలుపు పట్టేసింది. వడ్రంగిని పిలిస్తే అంచు చిత్రిక పట్టి వెళ్ళాడు. నాలుగు రోజులు బాగానే ఉంది, మళ్ళీ పట్టేసింది. మళ్ళీ పిలిస్తే మళ్ళీ పట్టాడు. ఇలాగే పోతే తలుపు కిటికీ అవుతుంది. మీ బావా అతనూ కలిసి పేకాడతారు కదా, అందుకని గట్టిగా ఏమీ అనలేకపోతున్నాను.

ఈ ఉత్తరం నీకు ఎప్పుడు చేరుతుందో చెప్పలేను. మన పోస్టుమేన్ సంగతి తెలుసుగా. ఇల్లు అంటుకుందని చెప్పినా బీడీ అయిపోయాకే లేస్తాడు.

నీ కాలు జాగ్రత్త.

అక్క


జూన్ 2

అక్కా,

నీ తలుపు మా ఇంట్లో పెద్ద కథ అయిపోయింది. భోజనం దగ్గర నీ మరదలు పైకి చదివింది. "తలుపు కిటికీ అవుతుంది" అన్నచోట నేను నీళ్ళు మింగలేక దగ్గాను.

అసలు సంగతి. పూర్వం మా కంపెనీకి దారులు వేసిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మొన్న ఊరికే టీకి వచ్చి, నా గోడ మీద మ్యాపు చూసి, "ఆ నడుం దారి నాకు నచ్చలేదు, పైనుంచే పోనియ్యి" అన్నాడు. ఎందుకండీ అంటే, "ఒకసారి నడిచాను. నచ్చలేదు, అంతే" అని టీ తాగి వెళ్ళిపోయాడు. మాటలు తక్కువ మనిషి. అప్పటినుంచి మేనేజరు వెన్ను దారి వైపు మొగ్గుతున్నాడు.

నాకూ కొంచెం ఇబ్బందిగానే ఉంది. చుట్టాల గుమ్మం ముందునుంచి దారి వంచుతున్నానని ఆఫీసులో అప్పుడే మొదలుపెట్టారు. వెన్ను దారే ఖాయమైతే నువ్వేమీ అనుకోకు. పిట్టకు ఎలాగూ పని ఉంటుంది.

తమ్ముడు


జూన్ 14

తమ్ముడికి,

ఈసారి ఒకటే కాగితం. ఆఫీసులో పెట్టుకుంటావో, ఇంట్లో పెట్టుకుంటావో నీ ఇష్టం.

చుట్టాల గుమ్మం అన్న మాట నీదా, నీ పెళ్ళానిదా? నాకు తెలియకడుగుతున్నాను. దారి కావాలని నేను నీ కాళ్ళు పట్టుకున్నానా? నువ్వే రాశావు, నువ్వే నచ్చిందన్నావు, నువ్వే రంగు పంపావు. పిట్ట ఎండలో వానలో తిరిగి సగం దారి గుర్తులు పెట్టేసింది. ఇప్పుడు ఎవడో టీ తాగి నచ్చలేదంటే చెరిపేసి రమ్మంటావా? ఎందుకు నచ్చలేదో చెప్పలేనివాడి మాట ఒక మాటేనా?

వెన్ను మీద నువ్వు కాలు విరగ్గొట్టుకున్న రోజు మీ బావ నిన్ను వీపున వేసుకుని దించాడు. ఏ దారిన దించాడో గుర్తుందా? ఈ నడుం దారినే. అది గుర్తు చెయ్యకూడదనుకున్నాను, చేయించావు.

నా మనసు బాగా లేనప్పుడే వడ్రంగి కూడా దొరికాడు. మూడోసారి తలుపు చూసి, "తలుపుది తప్పు కాదమ్మా, నీ ఇల్లే వంకరపోయింది" అన్నాడు. నీ నోరే వంకర అని పంపించేశాను. మీ బావకు పేకాట జత పోయింది. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఎటూ ఆయన మాట్లాడేది తక్కువే కనక పెద్ద తేడా తెలియడం లేదు.

నీ దారి నీ ఇష్టం.

అక్క అని పిలుస్తావు కనక, అక్క


జూన్ 29

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు బుర్ర పనిచెయ్యలేదు. నీ మరదలు ఆ మాట అనలేదు, ఆఫీసులో వాళ్ళే అన్నారు. ఆమెకు నీ ఉత్తరం చూపించలేదు. నువ్వూ చెప్పకు.

ఇవాళ మేనేజరుకు నా అభిప్రాయం రాసి ఇచ్చేశాను. నడుం దారే మంచిదనీ, నీడా నీళ్ళూ బసా ఉన్నాయనీ, ఆ దారి నేను సొంతంగా ఎరిగినదనీ రాసి సంతకం పెట్టాను. ఆయన ఒప్పుకున్నాడు. గోడ మీద పై దారం ఊడదీసి చుట్టి సొరుగులో పెట్టాను. ఆగస్టు 10న మొదటి జట్టు నడుస్తుంది. ముందు నడిపించేది పిట్టే. జీతం ఉన్న పని.

జూలైలో మా తనిఖీ ఆయన ఒకసారి వచ్చి గుర్తులు చూస్తాడు. మంచి టీ ఇవ్వు. దుప్పట్ల గురించి అడిగితే మాట మార్చు.

ఇకనైనా నవ్వు.

తమ్ముడు


జూలై 12

(దారి కాగితం)

పిట్ట చెబుతుంటే రాస్తున్నాను. గుర్తులు పూర్తయ్యాయి. ప్రతి గుర్తు దగ్గరా నిలబడి, తర్వాతిది కనపడుతోందని చూసుకున్నాకే ముందుకు కదిలింది. కనపడనిచోట కొమ్మలు కొట్టింది. మా ఇంటి వెనకనుంచి బండల మలుపుదాకా చెట్లు బాగా వరసగా ఉన్నాయనీ, అక్కడ కళ్ళు మూసుకుని కూడా నడవొచ్చనీ చెప్పమంది. వానలు పట్టాయి. దారి జారుడుగా ఉంది కానీ పాడవలేదు.

(ఇంటి కాగితం)

ఒరేయ్ తమ్ముడూ,

నవ్వాను, సరేనా? ఆ ఉత్తరం మీ బావకు గట్టిగా చదివి వినిపిస్తే, ఆయన లేచి వెళ్ళి గదుల్లో సున్నం వెయ్యడం మొదలుపెట్టాడు. నాతో మాట్లాడకుండానే.

మాకు ఒక మంచి జరిగింది. ఇంటి వెనక ఊట నెలనుంచీ ఎర్రగా బురద పోసేది. కుండలో పోస్తే అడుగున వేలెడు మన్ను దిగేది. మొన్న ఉన్నట్టుండి పూర్తిగా ఎండిపోయింది. ఇంత వానల్లో ఎండడమేమిటని ఏడుపొచ్చింది. తెల్లారి చూస్తే కింద, సరిగ్గా మన మేకల దొడ్డి పక్కన, గట్టులోంచి ఉబికి వస్తోంది. ఇక బిందె మోసుకుని పైకి ఎక్కే పని లేదు. ఈ వయసులో కొండకు నా మోకాళ్ళ మీద దయ కలిగినట్టుంది.

దొడ్డి కంచె తీగ మాత్రం ఎవరో లాగి కట్టినట్టు బిగిసిపోయింది. వేలితో మీటితే మోగుతుంది. పిట్ట వాయించి పాడింది కూడా. మర్నాడు అదే తెగి మేక మూతికి తగిలింది. మేక బాగానే ఉంది, అలిగింది. ఈ ఇంట్లో అందరికీ అలకే.

వంటింటి తలుపు అలాగే ఉంది. ఇప్పుడు పట్టెయ్యడం లేదు, అసలు మూసుకోవడమే లేదు. కింద బెత్తెడు సందు. రాత్రిళ్ళు రాయి అడ్డం పెడుతున్నాను. వడ్రంగి పేరు నా దగ్గర ఎత్తకు.

అక్క


జూలై 25

అక్కా,

ఊట సంగతి చదివి నీ మరదలు సంతోషించింది.

కానీ ఇంకో సంగతి నాకు ఇబ్బందిగా ఉంది. తనిఖీ ఆయన వచ్చి వెళ్ళాడు కదా. నీ టీ బాగుందన్నాడు. గుర్తులు బాగా లేవన్నాడు. మీ ఇంటి వెనకనుంచి బండల మలుపుదాకా చాలాచోట్ల ఒక గుర్తు దగ్గర నిలబడితే తర్వాతిది కనపడటం లేదట. కొన్ని పక్కకు తిరిగి ఉన్నాయట, కొన్ని నేలను చూస్తున్నాయట. "మీ మేనకోడలు గుర్తులు పెట్టిందా, చెట్లకు రంగు చల్లిందా?" అని అందరిముందూ అడిగాడు. కళ్ళు మూసుకుని కూడా నడవొచ్చని నువ్వు రాసింది ఆ ముక్క గురించే. ఆ కాగితం నేనే మేనేజరుకు చూపించాను.

పిట్టను పిలిచి చెప్పు. నేను సంతకం పెట్టిన దారి ఇది. మేనమామ కదా, ఏమీ అనడులే అనుకుంటే కుదరదు. ఆ ముక్కంతా మళ్ళీ వెయ్యాలి. ఆగస్టు 10 మారదు, జనం పేర్లు ఇచ్చేశారు.

తమ్ముడు


ఆగస్టు 3

(దారి కాగితం)

గుర్తులు మళ్ళీ వేశాము. అన్నీ కనపడుతున్నాయి.

(ఇంటి కాగితం)

తమ్ముడూ,

నీ ఉత్తరం పిట్టకు చదివి వినిపించాను. చదవకుండా ఉండాల్సింది. రోజంతా ముద్ద ముట్టలేదు. "మామయ్య నన్ను ఇంత పనిదొంగ అనుకున్నాడా?" అని ఒకటే మాట. వేసిన గుర్తులు తనవే, చెట్లు అవే. వేసిన రోజు ఒకదాన్నుంచి ఒకటి కనపడ్డాయని ఒట్టు పెట్టి చెబుతోంది. నేనూ వెళ్ళి చూశాను. తనిఖీ ఆయన అబద్ధం చెప్పలేదు. పిట్ట అబద్ధం చెప్పే పిల్ల కాదు. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తెలియక మీ బావ వైపు చూస్తే, "దీని అలక చూసి చెట్లు కూడా మొహం తిప్పుకున్నాయి" అన్నాడు. ఆయన జోకు వేసి ఆరు నెలలైంది. అందుకని నవ్వాం.

మొత్తానికి పాత గుర్తులు గీకేసి కొత్తవి పెట్టింది. నాలుగు రోజులు వానలోనే ఉంది. ఒకచోట దారికి అడ్డంగా నేల బీటలు వారితే మట్టి కప్పి తొక్కింది, నడిచేవాళ్ళ కాలు పడకుండా. ఎంత జాగ్రత్తో చూడు. అలాంటి పిల్లను పట్టుకుని అంత మాట అన్నావు.

10న అదే నడిపిస్తుంది. ఒక్కడు కూడా దిక్కులు చూడడని నీతో చెప్పమంది. నీతో మాత్రం మాట్లాడదట. దారి అయ్యాక నువ్వే ఉత్తరం రాసి బతిమాలుకోవాలట.

మేకలు దొడ్లోకి రావడం లేదు. రాతి గుట్ట మీదే తడుస్తూ నిలబడుతున్నాయి. కంచె దెబ్బకు భయపడ్డాయి కాబోలు.

అక్క


ఆగస్టు 10, వంతెన దగ్గర

అక్కా,

ఇది అందగానే ఇంట్లోంచి బయటికి రా. మిగతాది తర్వాత చదువు. బావను చెయ్యి పట్టుకుని లాక్కురా, చెవి వినపడదు కనక అరుస్తూ కూర్చోకు. కిందికి దిగవద్దు. పక్కకు, రాతి గుట్ట మీదికి పోండి, మేకలున్న చోటికి. పిట్టను బయల్దేరనివ్వకు. బయల్దేరితే ఎవరినైనా వెనక పంపి, బండల మలుపుకు ముందే ఆపించు.

మొన్న కాలు వాచి మంచం మీద ఉన్నాను. ఆఫీసు ఫైలు ఇంటికి తెప్పించుకుని, నీ దారి కాగితాలు ముందు వేసుకుని, పిట్ట ఎక్కడ తప్పు చేసిందో చూస్తున్నాను. నీ మరదలు పక్కింటావిడను నవ్వించడానికి నీ ఇంటి కాగితాలు పైకి చదువుతోంది. తలుపు. ఊట. కంచె తీగ. మేకలు. ఆ కాగితాలు రెండూ ఒకచోట ఉండటం అదే మొదటిసారి. ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో పెట్టమన్నది నేనే.

పిట్ట తప్పు లేదు అక్కా. చెట్లు నిజంగానే తిరిగాయి. వాలంతా కిందికి జరుగుతోంది, చెట్లతో, మీ ఇంటితో సహా. వడ్రంగి వెటకారానికి అన్నా నిజమే అన్నాడు. పిట్ట మట్టి కప్పింది కొండ పగిలిన చోటు.

పోస్టాఫీసు ఫోను పలకలేదు. మొదటి జట్టు మొన్ననే పైకి వెళ్ళిపోయింది. నేను దొరికిన బస్సు ఎక్కాను. వంతెన అవతల రోడ్డు కుంగిందని దాన్ని ఇక్కడే ఆపేశారు. కర్ర పట్టుకుని నడుస్తాను, కానీ నా నడక నీకు తెలుసు. పోస్టుమేన్ సంచీ తీసుకుని బయల్దేరుతున్నాడు, అతనికి అంతా చెప్పాను. నోట్లో బీడీ తీసి పారేశాడు. ఇది అతని చేతికి ఇస్తున్నాను. వెనకే వస్తున్నాను.

తమ్ముడు


ఆగస్టు 10

తమ్ముడూ,

వాన తెరిపి ఇచ్చింది. నీ అదృష్టం బాగుంది.

తెల్లారగానే పిట్ట జట్టును తీసుకుని వెళ్ళింది. తొమ్మిది మంది. ఒకామె నా దుప్పటి చాలా మెత్తగా ఉందనీ, ఎక్కడ కొన్నామనీ అడిగింది. మాట మార్చాను. పిట్ట నీలం చొక్కా వేసుకుంది. గుమ్మంలో ఆగి, "మామయ్యకు రాయి, మాట్లాడతానులే, కానీ ముందు ఆయనే అడగాలి" అని చెప్పి వెళ్ళింది. మొదటి గుర్తు దగ్గర నిలబడి, వెనక్కి తిరిగి నాకు చెయ్యి చూపించింది. రెండోది కనపడుతోందని.

నీకు ఒక వింత చెప్పాలని వెంటనే కూర్చున్నాను. వాళ్ళు వెళ్ళిన కాసేపటికి వంటింటి తలుపు మూసుకుంది. ఎవరూ ముట్టుకోలేదు. దానంతటదే మెల్లగా వచ్చి చట్రంలో కూర్చుంది. బెత్తెడు సందు కూడా లేదు. గొళ్ళెం వేసి చూశాను, వెన్నలో వేలు పెట్టినట్టు పడింది. ఇన్ని నెలలు ఏడిపించి, ఇవాళ పిట్ట మంచి రోజున దారికొచ్చింది. వడ్రంగిని అనవసరంగా తిట్టాను. సాయంత్రం పిలిచి టీ ఇవ్వాలి. మీ బావ ఈ మాట ఒక్కటి మాత్రం బాగా వినపడినట్టు, పేక ముక్కలు తీసి తుడుస్తూ కూర్చున్నాడు.

పైన అడవిలో ఎవరో కట్టెలు విరుస్తున్న చప్పుడు. ఒకటి, తర్వాత నాలుగైదు కలిసి. జట్టువాళ్ళు పుల్లలు విరుచుకుంటున్నారేమో అనుకున్నాను. కానీ ఇంత పెద్ద చప్పుడు చేసే పుల్లలు ఏముంటాయి?

ఉత్తరం ఇవాళే ఇచ్చేస్తాను. కిటికీలోంచి పోస్టుమేన్ కనపడుతున్నాడు, మలుపు తిరిగి వస్తున్నాడు. ఇదేమిట్రా, పరిగెత్తుతున్నాడు. ఈయన పరిగెత్తడం నా జన్మలో చూడలేదు. టోపీ పడిపోయినా ఆగలేదు. చేతిలో ఏదో కాగితం ఊపుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు కానీ ఆ చప్పుడులో వినపడటం లేదు.

ఉండు, తలుపు తీసి వచ్చి మిగతాది రాస్తాను.